నల్ల ముసుగుకి ఏడు కుట్లు

ఫిబ్రవరి 14, విభూది బుధవారం

నుదుటి మీద బూడిద రాస్తూ ఫాదర్ "మారుమనసు పొందు" అన్నారు. ఆమెన్ అన్నాను. నా వెనకే నిలబడ్డ మా తమ్ముడి పెళ్ళాం రోవేనా కూడా ఆమెన్ అంది. దాని గొంతు వినగానే నా ఆమెన్ వెనక్కి తీసేసుకున్నాను.

ఈ నలభై రోజులూ మాంసం మానేస్తామని, టీవీ మానేస్తామని అందరూ మొక్కుకుంటారు. నేను మానాల్సింది ఒక్కటే ఉంది. అది మానను.

ఫిబ్రవరి 18, ఆదివారం

భోజనాల దగ్గర రోవేనా బయటపెట్టింది.

"వదినా, ఈస్టర్‌కి ఈసారి కూడా రిసార్టే అనుకుంటున్నాం. మా క్లినిక్ నర్సులంతా పిల్లల్ని తీసుకొస్తున్నారు. గుడ్ల వేట పెడతారు. కుందేలు వేషం వేసే అతను కూడా వస్తాడట. మీరూ రండి."

"ఆ రోజు లేచింది ఎవరమ్మా? క్రీస్తా, కుందేలా?" అన్నాను.

మా తమ్ముడు ఆర్సెన్ తల వంచుకుని చేపముళ్ళు ఏరుకుంటున్నట్టు నటించాడు. వాడి పళ్ళెంలో ఉన్నది కోడికూర.

"అత్తా, కుందేలు గుడ్లు పెట్టదు కదా, మరి దానికెక్కడివి?" అని మేనకోడలు టిషా అడిగింది. దానికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో బుర్ర ఉన్నది దానికొక్కదానికే.

"మీ అమ్మనడుగు," అన్నాను.

మా ఇంట్లో ఈస్టర్ అంటే అమ్మ చేసినట్టు చెయ్యాలి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కిటికీలన్నీ మూసేసేది. గట్టిగా నవ్వకూడదు, చీపురు పట్టకూడదు. ఆదివారం తెల్లవారుజామున చర్చి ముందు తల్లీ కొడుకుల విగ్రహాలు ఎదురుపడే సమాగమం చూసి ఇంటికి రాగానే అందరికన్నా చిన్నవాళ్ళు ఆ కిటికీలు తెరవాలి. అమ్మ సువార్త తీసి, మగ్దలేనా క్రీస్తు సమాధి దగ్గర ఏడ్చే ఘట్టం చదివి, "లేచాడు" అనేది. "నిజంగా లేచాడు" అని మేమందరం అనాలి. అప్పటిదాకా కొబ్బరిపాలతో ఉడికించిన బియ్యపు సూమన్‌కి చుట్టిన అరటాకు మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి మీద ఒకటి పడేది.

పోయినేడాది ఈ రోవేనా అందరినీ తెల్లారగానే వ్యాన్ ఎక్కించి రిసార్టుకి పట్టుకుపోయింది. అమ్మ సూమన్ పళ్ళెం ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. కిటికీలు తెరిచేవాళ్ళు లేక ఆ చీకట్లోనే కూర్చుంది. పక్కింటి సలూద్ వచ్చి చూసేసరికి కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉంది. రెండు రోజులు బతికింది. మాట మాత్రం రాలేదు.

నేను ఆ వేళ చర్చి దగ్గర ఉన్నాను, క్రీస్తు తల్లి దుఃఖమాత తేరు పని మీద. అది వేరే విషయం.

ఫిబ్రవరి 19

దాని కుందేలు నోట్లో మన్ను పడ.

మార్చి 3, ఆదివారం

పూజ అయ్యాక ఫాదర్ ప్రకటించారు. ఈ ఏడాది సమాగమంలో దేవదూత మా టిషా.

రోవేనా మొహం చూడాలి. చర్చి మెట్ల మీద ప్రతి ఆడమనిషినీ ఆపి మరీ చెప్పింది. "మా అత్తయ్య ఉంటే ఎంత సంతోషించేదో" అని కళ్ళు కూడా తుడుచుకుంది. ఆ మాట వినగానే నా అరచేతుల్లో గోళ్ళు దిగాయి.

మాత విగ్రహం మా ఇంటిది. ముత్తమ్మమ్మ నుంచి అమ్మమ్మకి, ఆమె నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది. మాతకి బట్టలు కట్టేది నేనే. ఆ సమయంలో మగవాళ్ళు గదిలో ఉండకూడదు. శనివారం నాడు లోపల బంగారు జరీ తెల్లగౌను వేసి, పైన నల్ల ముసుగు కప్పుతాను. ఆదివారం తెల్లవారుజామున మగవాళ్ళు లేచిన క్రీస్తు విగ్రహం వెనకా, ఆడవాళ్ళం ముసుగులో ఉన్న తల్లి వెనకా వేర్వేరు వీధుల్లో వస్తాం. చర్చి ముందు వెదురు తోరణం కింద ఇద్దరూ ఎదురుపడతారు. రెక్కలు కట్టిన పాపని తాడు మీద దించుతారు. పాప ముసుగు లాగేస్తుంది. తల్లి దుఃఖం తీరుతుంది, గంటలు మోగుతాయి. ఊరంతా ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క నిమిషం కోసమే.

ముసుగుని నేను రెండు గుండుసూదులతో ఊరికే ఆనించి ఉంచుతాను. చిటికెన వేలితో లాగినా వస్తుంది.

మార్చి 10

నెనిటా గుర్తొచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు ఆ పిల్ల దేవదూత. ఎంత లాగినా ముసుగు రాలేదు. జరీకి ఎక్కడో చిక్కుకుంది. పిల్ల తాడు మీద వేలాడుతూ ఏడ్చింది, జనం మోకాళ్ళ మీద పడ్డారు. ఆ ఏడాది తుఫానుకి సరస్సులో చేపల కంచెలన్నీ కొట్టుకుపోయాయి. ఇక ఊరు ఊరుకుంటుందా? ఆ ఇంటికి 'ముసుగు వాళ్ళు' అని పేరు పెట్టింది. వాళ్ళ దుకాణంలో ఉప్పు కూడా కొనేవాళ్ళు కాదు. రెండేళ్ళకి ఊరు వదిలి పోయారు.

ముసుగు వాళ్ళు. రాసి చూసుకున్నాను, ఎలా ఉంటుందో అని.

మార్చి 11

టిషా చిన్నపిల్ల, మరిచిపోతుంది. పిల్లలు ఇట్టే మరిచిపోతారు. తల్లి మరిచిపోదు. నాకు కావలసింది అదే.

ఇది పగ కాదు. ఈస్టర్‌ని కుందేళ్ళ పాలు చేస్తే ఏమవుతుందో ఊరందరికీ ఒకసారి తెలియాలి. తల్లి ముసుగు తీయడానికి అర్హత ఉండాలి. ఒక తల్లిని చీకట్లో వదిలేసి పోయినదాని కూతురు ఇంకో తల్లి ముసుగు ఎలా తీస్తుంది? ఇందులో నా సొంతం ఏమీ లేదు.

మార్చి 16

పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్ కొత్తవాడు, సెమినరీ నుంచి నిన్నగాక మొన్న దిగాడు.

"ఫాదర్, పండగ అర్థాన్ని కాపాడటానికి చిన్న తప్పు చేస్తే పాపమా?"

"ఎంత చిన్నదమ్మా?"

"చాలా చిన్నది. జానెడు దారం అంత."

జాలీ వెనక ఫాదర్ దగ్గరికి జరిగాడు. "అమ్మా, మీరు చేసేశారా, చెయ్యబోతున్నారా?"

"ఊరికే అడిగాను."

"చెయ్యబోయేదానికి నేను క్షమాపణ ఇవ్వలేను. కావాలంటే ఆపగలను," అన్నాడు. నా వయసులో సగం కూడా ఉండదు. పేరుకి పది జపాలు చెప్పమన్నాడు. ఇరవై చెప్పాను. మిగిలిన పదీ ముందుగా జమ.

మార్చి 24, మట్టల ఆదివారం

అల్లిన కొబ్బరిమట్టలు చేతుల్లో పట్టుకుని వస్తుంటే రోవేనా నా పక్కకి చేరింది.

"వదినా, అత్తయ్య సూమన్‌లో కొబ్బరిపాలు ఎన్ని పోసేవారు? ఉప్పు ఎంత వేసేవారు? నేను చేస్తే బియ్యం బియ్యంలానే ఉంటోంది."

రిసార్టులో పది మంది నర్సుల ముందు మా అమ్మ సూమన్ పెట్టి మెప్పు పొందుదామని! నాకు ఒళ్ళు మండింది. కానీ నవ్వాను.

"రెండు కాయల పాలు. ఉప్పు మూడు పెద్ద చెంచాలు."

"మూడా?"

"అమ్మ చెయ్యి పెద్దది."

రాసుకుంది పిచ్చిది, చిన్న నోటుపుస్తకంలో. నిజానికి ఉప్పు చిటికెడే వెయ్యాలి.

వెనక నడుస్తున్న సలూద్ ఇదంతా వింటూనే ఉంది. ఇంటి ముందు ఆగి, "కొన్సోలా, పోయినేడు నువ్వు కాస్త తొందరగా వచ్చుంటే..." అని మొదలుపెట్టింది. తలుపేసుకున్నాను. ఆమెకి నోరెక్కువ.

మార్చి 28, గురువారం

టిషా రెక్కలు సరిచేయించుకోవడానికి వచ్చింది. బాతు ఈకలు, తీగ చట్రం. ముళ్ళలాగా వీపులో గుచ్చుకుంటున్నాయంటే గుడ్డ చుట్టాను.

"అత్తా, తాడు మీద భయమేస్తే కళ్ళు మూసుకోవచ్చా?"

"మూసుకుంటే ముసుగు ఎక్కడుందో కనపడదు."

"ముసుగు రాకపోతే?"

నోట్లో సూదులు ఉన్నాయి. జవాబు చెప్పకపోవడానికి అదొక వంక.

"వస్తుందిలే," అని తనే చెప్పుకుంది. "కట్టేది నువ్వేగా. నానమ్మ చెప్పింది, ఊళ్ళో అందరికన్నా నీ చెయ్యే మంచిదని."

అమ్మ అలా అందా? నాతో ఎప్పుడూ అనలేదు. ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు ఈకలు ఏరుతూ కూర్చున్నాను.

మానేద్దామా అనిపించింది. ఒక్క క్షణం అనిపించింది. తర్వాత ఆ కుర్చీ వైపు చూశాను. అమ్మ ఒక్కతే కూర్చుంది. కిటికీలు తెరిచేవాళ్ళు లేక.

మార్చి 29, శుభ శుక్రవారం

మూడింటికి కిటికీలు మూశాను. అన్నీ నేనే మూశాను.

మార్చి 30, పవిత్ర శనివారం

అయింది.

మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని మాతకి తెల్లగౌను తొడిగాను. నల్ల ముసుగు కప్పి, కిరీటం వెనక, జుట్టు దగ్గర, మెడ వెనక నల్లదారంతో కుట్టాను. ఏడు కుట్లు. దుఃఖమాత గుండెలో ఏడు దుఃఖాలకి ఏడు కత్తులు ఉంటాయి కదా, లెక్క సరిపోయింది. ప్రతి కుట్టుకీ రెండు ముడులు వేశాను. పైన గుండుసూదులు మామూలుగానే పెట్టాను. ఒక్క కుట్టు కూడా పైకి కనపడదు. అమ్మ అన్నది నిజమే, నా చెయ్యి మంచిదే.

మొహం మీదకి ముసుగు దించేముందు ఆ గాజు కళ్ళకేసి చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

పిల్ల గట్టిగా లాగితే విగ్రహం ఊగుతుందేమో అని తేరుకి వేసే మేకులు మళ్ళీ బిగించాను. పిల్లకి దెబ్బ తగలకూడదు. నేను రాక్షసిని కాను.

ఐదింటికి రోవేనా మల్లెమాలలు తెచ్చింది. మాలలు వెయ్యడం దేవదూత తల్లి వంతు, నేను కాదనడానికి లేదు. "వేసి వెళ్ళు, నేను స్నానానికి పోతున్నా," అన్నాను. దాని మొహం ఎదురుగా ఉంటే నా మొహం ఏమైనా చెప్పేస్తుందని భయం. తిరిగి వచ్చేసరికి మాలలు పొందిగ్గా వేసి ఉన్నాయి. అది మాత్రం చిన్న కత్తెర సంచిలో పెట్టుకుంటోంది.

"మాల పొడుగైంది వదినా, కత్తిరించాను," అంది. నా మొహంలోకి చూసింది. "పడుకోండి. పొద్దున్నే లేవాలి."

రేపు ఈపాటికి దానికి కొత్త ఇంటిపేరు వస్తుంది.

మార్చి 31, ఈస్టర్, ఉదయం ఆరున్నర

చర్చి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

అద్భుతం జరిగింది. ఇంకో మాట లేదు.

తోరణం కింద ఇద్దరూ ఎదురుపడ్డారు. టిషాని దించారు. తెల్లగౌను, బాతు ఈకల రెక్కలు, కింద చిన్న కాళ్ళు గాల్లో తన్నుకుంటున్నాయి. నా ముందే రోవేనా నిలబడి ఉంది. దాని మెడ వెనక చెమట కనిపిస్తోంది. ఇప్పుడు, ఇప్పుడు అనుకున్నాను. పిల్ల చెయ్యి చాపింది. అప్పుడు నాకు ఏమయిందో తెలియదు, "వద్దు" అన్నాను. పైకే అన్నాను. బాజాల్లో ఎవరికీ వినపడలేదు. కళ్ళు మూసుకున్నాను.

చప్పట్లు. గంటలు. కళ్ళు తెరిస్తే టిషా చేతిలో నల్ల ముసుగు ఎగురుతోంది. మాత మొహం బయట ఉంది, జరీ మీద మొదటి వెలుగు పడుతోంది.

ఏడు కుట్లు, పద్నాలుగు ముడులు. తల్లి తనే విప్పుకుంది. పిల్ల కోసం కాదు, నాకోసం విప్పుకుంది. నన్ను పాపంలో పడనివ్వలేదు. ఇంతమందిలో నన్నే చూసింది. మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. ఫాదర్ వచ్చి లేపితే ఆయన చేతులు ముద్దుపెట్టుకున్నాను. "చెయ్యలేదు ఫాదర్, నన్ను చెయ్యనివ్వలేదు," అన్నాను. ఆయనకి ఏం అర్థమయిందో.

ఇది ఎవరికైనా చెప్పాలి. ఎలా చెప్పను?

మార్చి 31, సాయంత్రం

నోరు కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. ఉప్పు పోవడం లేదు.

ఇంటికి వచ్చేసరికి వ్యాన్ గుమ్మం ముందే ఉంది. లోపల ఆర్సెన్ కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. "అక్కా, రిసార్టు లేదే. ఇక్కడే," అన్నాడు. "రోవేనా నెల క్రితమే వద్దనేసింది. నీకు చెప్పొద్దంది, ఆశ్చర్యపరుద్దామని."

టిషా ఇంకా రెక్కలతోనే ఉంది. పరిగెత్తి ఒక్కో కిటికీ తెరిచింది. నాలుగో కిటికీ బిగుసుకుపోతే ఆర్సెన్ భుజంతో తోశాడు. వెలుగంతా అమ్మ కుర్చీ మీద పడింది.

సువార్త రోవేనా నా చేతికి ఇచ్చింది. మగ్దలేనా ఏడుపు దాకా చదివి పుస్తకం టిషాకి ఇచ్చేశాను. మిగిలింది టిషా కూడబలుక్కుంటూ చదివింది. "లేచాడు" అని ఆర్సెన్ అన్నాడు. "నిజంగా లేచాడు" అన్నాం.

అప్పుడు గుడ్లు వచ్చాయి. రంగు రంగుల ప్లాస్టిక్ గుడ్లు, ఇల్లంతా దాచింది. టిషా ఒక్కొక్కటీ వెతికి తెరుస్తోంది. ఒకదాంట్లో మట్ట ముక్క, ఒకదాంట్లో ముల్లు, ఒకదాంట్లో చిన్న రాయి. "ఇది సమాధి రాయి అత్తా! అమ్మ చెప్పింది. అన్నీ దొరికాక ఒకటి ఖాళీగా ఉంటుందట. అది ఆయన లేచిపోయిన గుడ్డు."

ఆ ఖాళీది దొరికింది. ఇంకొకటి మిగిలింది. అమ్మ కుర్చీ మీద, దిండు కింద ఉంది. లేత పసుపుది.

"దీని మీద నీ పేరుంది అత్తా. నువ్వే తెరవాలట."

తెరిచాను. నల్లదారం ముక్కలు. ఒకటి, రెండు, మూడు. ఏడు ఉన్నాయి. ముడులు ముడులుగానే ఉన్నాయి. పక్కన కత్తిరించింది, నేత ఒక్క పోగు కూడా లాగకుండా, గాయం కుట్లు విప్పినట్టు. క్లినిక్‌లో రోజూ చేసే పనేగా.

"ఏముంది అత్తా?"

"ఏం లేదు. ఖాళీ," అన్నాను. మూసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

రోవేనా తలెత్తలేదు. చాక్లెట్ పాలు పోస్తూ, "వదినా, సూమన్ తినండి. మీరు చెప్పినట్టే చేశాను," అంది.

ఆకు విప్పి కొరికాను. మూడు పెద్ద చెంచాలు. ఆర్సెన్ మొహం చిట్లించి, "అమ్మ చేసినట్టే ఉంది" అని మింగేశాడు. మా తమ్ముడంత అబద్ధాలకోరు ఈ సరస్సు చుట్టూ లేడు. నేను రెండు తిన్నాను. రోవేనా మూడు తింది.

వంటింట్లో గిన్నెల దగ్గర పట్టుకున్నాను.

"ఆర్సెన్‌కి చెప్పావా?"

"దేని గురించి వదినా? ఈ దారాల గురించా, పోయినేడాది అరగంట గురించా?"

గిన్నె నా చేతిలోంచి జారింది.

"రెండూ చెప్పలేదు," అంది. "ఆయన మెత్తని మనిషి. వాళ్ళమ్మ ఎలాగూ లేదు. ఇక అక్క కూడా లేకుండా చెయ్యమంటారా?"

"నీకు జాలి చూపించే హక్కు ఎవరిచ్చారే?"

"జాలా!" అని నవ్వింది, కానీ కళ్ళు నవ్వలేదు. "నిన్న ఆ కుట్లు చేతికి తగిలినప్పుడు మిమ్మల్ని చంపేద్దామనుకున్నాను వదినా. నా బిడ్డని తాడు మీద వేలాడదీసి... ఒక్కొక్క కుట్టు కత్తిరిస్తూ ఒక్కొక్క తిట్టు తిట్టాను. ఏడు అయ్యేసరికి తిట్లు అయిపోయాయి. నేనూ అత్తయ్యని బతిమాలి వ్యాన్ ఎక్కించి ఉండాల్సింది. మీరు వస్తానన్నారు కదా అని వదిలేశాను. అది నా తప్పు." తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. "వచ్చే ఏడాది ఉప్పు ఎంతో సరిగ్గా చెప్పండి."

దాన్ని కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. తర్వాత ఆ చేత్తోనే గిన్నె అందుకుని కడిగాను.

ఏప్రిల్ 1

అద్భుతం కాదు. వట్టి కత్తెర.

నెలరోజులు నేను దాచుకున్న పగని ప్లాస్టిక్ గుడ్డులో పెట్టి తిరిగి ఇచ్చింది. ఇంతకన్నా నన్ను ఎవరూ అవమానించలేదు. దీనికి బదులు తీర్చుకుంటాను.

ఏప్రిల్ 4

ఎలాగో తోచడం లేదు.

ఏప్రిల్ 11

అమ్మ పోయి ఏడాది. అందరం సమాధికి వెళ్ళాం. రోవేనా మల్లెమాల తెచ్చింది. పొడుగైతే కత్తిరించడానికి కత్తెర నన్ను అడిగింది. ఇచ్చాను.

సలూద్ కూడా వచ్చింది. ఈసారి తలుపు వేసుకోవడానికి అక్కడ తలుపు లేదు. "సూమన్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు కొన్సోలా. నువ్వు రావాలి, చదవాలి అంటూ కూర్చుంది," అని చెప్పింది. విన్నాను.

నేనింకా రోవేనాని క్షమించలేదు. ఇంటికొచ్చి డైరీ తీసి, క్షమించకపోవడానికి కారణం రాద్దామని కూర్చున్నాను. దాని పేరు రాశాను. తర్వాత వాక్యం రావడం లేదు. గంట నుంచి కూర్చున్నాను. వచ్చే వాక్యం ఒక్కటే ఉంది. అందులో దాని పేరు లేదు.

పోయినేడు ఈస్టర్ నాడు తేరు దగ్గర నేనే అన్నాను, "మీరు వెళ్ళండి, అరగంటలో నేను అమ్మ దగ్గరుంటా" అని. బిషప్ గారి వెంట వచ్చినవాళ్ళు మాత గౌను ఎవరు కుట్టారని అడిగారు. నేనే అని చెప్పాను. పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. ఇంకోసారి, ఇంకోసారి అని నిలబడ్డాను. మూడు గంటలు ఇంటికి రాలేదు.